పాత కట్టడాల మరమ్మతు – ఒక అమానతు

తెలుగులో మనం నిత్యం వాడే మాటల్లో 'మరమ్మతు' ఒకటి. సైకిలుకు మరమ్మతు, చెరువుకట్టకు మరమ్మతు, ఇంటికప్పుకు మరమ్మతు అంటూ ఉంటాం. ఇది అరబీ నుంచి ఫారసీ, ఉర్దూ భాషల మీదుగా మనకు చేరిన పదం. దీని ధాతువుకు అరబీలో రెండు అర్థాలున్నాయి. ఒకటి, చివికి శిథిలం కావడం. రెండవది, శిథిలమైనదాన్ని తిరిగి బాగుచేయడం. దివ్య ఖుర్ఆన్‌లోని యాసీన్ సూరాలో, చివికిపోయిన ఎముకల ప్రస్తావనలో వచ్చే 'రమీమ్' అనే పదం ఈ ధాతువు నుంచి పుట్టిందే. శిథిలతనూ దాని చికిత్సనూ ఒకే ధాతువు తెలుపుతున్నదన్నమాట.

'ఇమారత్' అనే పదం కూడా ఇలాంటిదే. దాన్ని మనం 'భవనం' అని అనువదించి ఊరుకుంటాం. కాని దాని ధాతువు నుంచే ఆయుష్షును తెలిపే 'ఉమ్ర్' వచ్చింది. నిర్మాణాన్ని తెలిపే 'తామీర్' వచ్చింది. జనంతో నిండి కళకళలాడేదాన్ని తెలిపే 'మామూర్' వచ్చింది. తౌబా సూరా 18వ ఆయత్‌లో అల్లాహ్ మస్జిదుల విషయమై వాడిన క్రియాపదం ఈ ధాతువుకు చెందినదే. మస్జిదులను కట్టడం, బాగుచేయడం ఒక అర్థమనీ, ఆరాధనతో వాటిని నింపి ఉంచడం మరొక అర్థమనీ వ్యాఖ్యాతలు వివరించారు. హిజ్రీ 538 (క్రీ.శ. 1144)లో మరణించిన ఇమామ్ జమఖ్షరీ తన వ్యాఖ్యానంలో, మస్జిదులో శిథిలమైన భాగాన్ని బాగుచేయడం, ఊడ్చి శుభ్రం చేయడం, దీపాలు వెలిగించడం ఇవన్నీ 'ఇమారత్' కిందికే వస్తాయని చెప్పారు. 'బాగుచేయడం' అనడానికి ఆయన వాడినది మన 'మరమ్మతు' ధాతువునే.

ఈ పదచర్చతో వ్యాసం ప్రారంభించడానికి కారణం ఉంది. హైదరాబాదు పాతనగరంలోనూ తెలంగాణ గ్రామాల్లోనూ పాత మస్జిదులు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు, సరాయిలు, మెట్లబావులు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని నిర్లక్ష్యం వల్ల పాడవుతున్నాయి. కాని చాలా కట్టడాలు నిర్లక్ష్యం వల్ల కాక, సదుద్దేశంతో జరిగే తప్పు మరమ్మతుల వల్ల నశిస్తున్నాయి. ఏది మరమ్మతు, ఏది కాదు అన్న తేడా తెలియకపోవడమే ఇందుకు మూలం. ఆ తేడాను వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

వక్ఫ్ ధర్మంలో మరమ్మతు స్థానం

హనఫీ ధర్మశాస్త్రంలో ప్రామాణిక గ్రంథమైన 'హిదాయా' మన మద్రసాలలో తరతరాలుగా పాఠ్యగ్రంథం. దాని కర్త ఇమామ్ మర్గీనానీ హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించారు. వక్ఫ్ ప్రకరణంలో ఆయన ఒక ముఖ్యమైన నియమాన్ని పేర్కొన్నారు. వక్ఫ్ ఆస్తి మీద వచ్చే రాబడిలో మొట్టమొదట ఖర్చు పెట్టవలసింది ఆ ఆస్తి మరమ్మతు మీదనే. వక్ఫ్ చేసిన వ్యక్తి ఈ షరతును తన పత్రంలో రాసినా, రాయకపోయినా నియమం ఒకటే. లబ్ధిదారుల వంతు ఆ తర్వాతనే వస్తుంది. దీనికి కారణం స్పష్టం. వక్ఫ్ చేసిన వ్యక్తి కోరింది పుణ్యం శాశ్వతంగా కొనసాగాలని. కట్టడం నిలవకపోతే ఆ పుణ్యప్రవాహం ఆగిపోతుంది.

అదే ప్రకరణంలో మరొక సూక్ష్మమైన అంశం ఉంది. వక్ఫ్ కట్టడంలో కొంత భాగం కూలిపోతే, ఆ కూలిన సామగ్రిని ఏం చేయాలి? అవసరముంటే దాన్ని ఆ కట్టడపు మరమ్మతుకే వాడాలి. ఇప్పుడు అవసరం లేకపోతే భవిష్యత్తు కోసం దాచి ఉంచాలి. తిరిగి వాడడం సాధ్యం కాకపోతే అమ్మి, ఆ సొమ్మును మరమ్మతుకే వినియోగించాలి. లబ్ధిదారులు దాన్ని పంచుకోవడానికి వీల్లేదు. ఒక గుమ్మపు రాయి, ఒక దూలం, ఒక శాసనఫలకం కూడా అమానతేనని ఈ నియమం చెబుతున్నది. ఈ దృష్టితో చూస్తే ముతవల్లీగాని, మస్జిదు కమిటీగాని ఆ కట్టడానికి యజమానులు కారు, కాపలాదారులు మాత్రమే.

మన కట్టడాలు దేనితో కట్టినవి?

కట్టడాన్ని కాపాడాలంటే ముందుగా అది దేనితో కట్టినదో తెలియాలి. హిజ్రీ వెయ్యవ సంవత్సరం క్రీ.శ. 1591లో మొదలయింది. ఆ సంవత్సరంలోనే ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరానికి పునాది వేసి చార్మినార్ నిర్మించాడు. ఆ కాలం మొదలు దాదాపు 20వ శతాబ్దం ప్రారంభం వరకు ఇక్కడి గోడలు గ్రానైటు రాయితో లేదా ఇటుకతో, సున్నంతో లేచాయి. సున్నపు గార మీద పువ్వులు, తీగలు, జాలీలు చెక్కారు. చార్మినార్ మీనార్ల అలంకారం, కార్వాన్‌లో 1671లో మూసాఖాన్ నిర్మించిన టోలీ మస్జిదు ముఖభాగం, పైగా సమాధుల మీది నగిషీ, ఇవన్నీ సున్నపు పనితనమే.

సున్నం తయారీ సుదీర్ఘమైన పని. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్ళలో వేస్తే సలసల మరిగి విచ్చుకుంటుంది. ఇలా తడిపిన సున్నాన్ని రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ఊరనిస్తారు. తర్వాత ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగలో నూరుతారు. పూర్వం గుండ్రని కాలువలో రాతిచక్రాన్ని ఎద్దులు తిప్పేవి. ఇప్పుడు యంత్రాలు తిప్పుతున్నాయి. ఇలా నూరినదే డంగు సున్నం. అందులో బెల్లపు నీళ్ళు, కరక్కాయ కషాయం, మారేడు పండు గుజ్జు, మినప్పిండి, గుడ్డు తెల్లసొన వంటివి పనినిబట్టి కలిపేవారు. ఇవి మూఢనమ్మకాలు కావు. కొన్ని జిగురునిస్తాయి, కొన్ని నీటిని అడ్డుకుంటాయి, మరికొన్ని గార త్వరగా ఎండి పగలకుండా చూస్తాయి.

గోడ మీద పూసిన తర్వాత సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి పీల్చుకుంటుంది. అంటే బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గాలినుంచి తిరిగి పొంది, మళ్ళీ రాయిగా మారుతుంది. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు; ఏళ్ళు పడుతుంది. కనుకనే సున్నపు గోడ కాలం గడిచినకొద్దీ గట్టిపడుతుంది. సన్నని చీలికలు ఏర్పడితే, లోపల కరిగిన సున్నం ఆ చీలికల్లోకి చేరి వాటిని తానే పూడ్చుకోగలదు.

సిమెంటు ఎందుకు శత్రువవుతుంది?

ఇంగ్లండులో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు లభించింది 1824లో. విశేషమేమంటే, ఆ 1824లోనే హైదరాబాదులో చార్మినార్‌కు లక్ష రూపాయల వ్యయంతో మొత్తం కొత్త గార పూశారు. అది సున్నపు గారే. కట్టి రెండువందల ముప్ఫై ఏళ్ళు దాటిన కట్టడానికి దాని సొంత పదార్థాన్నే తిరిగి ఇచ్చారు. మన పూర్వికులు కట్టి వదిలేయలేదు. ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటూ వచ్చారు.

సిమెంటు చెడ్డ పదార్థం కాదు. కొత్త కట్టడాల్లో దాని స్థానం దానికుంది. కాని పాత సున్నపు గోడకు అది సరిపడదు. పాత గోడలకు నేటి కట్టడాల్లోలా చెమ్మను ఆపే పొర పునాదిలో ఉండదు. నేలలోని చెమ్మ రాళ్ళ సందుల్లోంచి కొంత ఎత్తు వరకు పైకి ఎక్కుతుంది. సున్నపు గారకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి కనుక ఆ చెమ్మ వాటిగుండా ఆవిరైపోతుంది. సిమెంటు పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. చెమ్మ బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది. నాలుగడుగుల దగ్గర ఆగవలసిన తడి ఎనిమిదడుగులకు చేరుతుంది. నీటితోపాటు ఉప్పు కూడా చేరి, పలుకులుగా గట్టిపడి, లోపలి సున్నాన్ని పిండి చేస్తుంది. పైకి సిమెంటు గోడ బలంగా కనిపిస్తూనే ఉంటుంది. లోపల రాళ్ళను పట్టి ఉంచిన సున్నం మట్టిలా రాలిపోతూ ఉంటుంది.

రెండవ హాని, సిమెంటు బిరుసుదనం. ఎండకు గోడ వ్యాకోచిస్తుంది, రాత్రి సంకోచిస్తుంది. సున్నం మెత్తనిది కనుక ఆ కదలికను భరిస్తుంది. సిమెంటు భరించలేక పగులుతుంది. పగులులోంచి వాననీరు లోపలికి పోతుంది. కాని తిరిగి బయటికి రాలేదు. చివరికి సిమెంటు పెచ్చు ఊడిపడేటప్పుడు ఒంటరిగా ఊడదు. తాను పట్టుకున్న పాత గారను, దాని మీది నగిషీని కూడా వెంట తీసుకుపోతుంది. మూడవది ఇనుము. పాత గోడలో దించిన ఇనుప కడ్డీకి తుప్పు పడితే అది లావెక్కి రాయిని చీలుస్తుంది.

ఒక అనుభవం

నేను వృత్తిరీత్యా అనువాదకుణ్ణి. కొన్నేళ్ళ క్రితం పాతనగరంలోని ఒక మొహల్లాలో చిన్న మస్జిదు కమిటీవారు నాకు ఒక ఇంగ్లీషు నివేదిక ఇచ్చి, ఉర్దూలోకి, తెలుగులోకి మార్చి ఇమ్మన్నారు. గోడలకు చెమ్మ ఎక్కుతున్నది కనుక లోపలా బయటా సిమెంటు గార పూసి, నేలకు పాలరాతి పలకలు పరచాలని ఒక ఇంజనీరు రాసిన నివేదిక అది. పాతదాన్ని కొత్త పదార్థంతో మార్చివేయాలన్న ఆ సూచనకంతటికీ నేను 'మరమ్మతు' అనే ఒక్క మాట వాడాను. జుమా తర్వాత దాన్ని చదివి వినిపించారు. మరమ్మతు పుణ్యకార్యమే కదా అని అందరూ అంగీకరించారు, చందాలు వేశారు.

ఆ రోజు వజూ చేసే హౌజు దగ్గర కూర్చున్న ఒక వృద్ధ మేస్త్రీ మాత్రం గోడమీద అరచెయ్యి ఆనించి నాతో ఇలా అన్నాడు: "మౌల్వీ సాబ్, దీనికి చెమట పడుతోంది. చెమట పట్టినవాడికి రబ్బరు కోటు తొడుగుతామా? నేలలో నీళ్ళెక్కడివో ముందు చూడమనండి." నీళ్ళు ఎక్కడివో ఎవరూ చూడలేదు. పక్కనే పగిలిన మురుగు గొట్టం ఉన్నదని తర్వాత తెలిసింది. మూడు వర్షాకాలాలు గడిచేసరికి తడి మెహరాబు మీది దాకా ఎక్కింది. సిమెంటు పెచ్చులతోపాటు మెహరాబు చుట్టూ ఉన్న సున్నపు పూలతీగ సగానికి పైగా రాలిపోయింది. కట్టడం ప్రమాదకరమని చెప్పి చివరికి పాత నమాజు హాలు పడగొట్టారు. అప్పుడు బయటపడిన శాసనఫలకం నేడు చెప్పుల అరల పైన గోడకు అతికి ఉన్నది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కాని ఆ పత్రంలో 'మరమ్మతు' అని కాకుండా 'మార్పు' అని నేను రాసి ఉంటే, కనీసం ఒక్కరైనా లేచి ఏది మారుస్తున్నారని అడిగి ఉండేవారేమో. ఆ లోపం నాదే. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.

మన కళ్ళముందు ఉన్న ఉదాహరణలు

ఆ మేస్త్రీ చెప్పిన పద్ధతి ఆచరణలో సాధ్యమేనా అని అడిగేవారికి దూరం పోవలసిన పని లేదు. గోల్కొండ కోట సమీపంలో 106 ఎకరాల్లో విస్తరించిన కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణమే సమాధానం. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖ, ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు కలిసి అక్కడ పని ప్రారంభించాయి. సమాధులు, మస్జిదులు, హమామ్, బావులతో కలిపి దాదాపు వంద కట్టడాలున్న ప్రాంగణమది. పని పూర్తయిన తర్వాత 2024 జూలైలో దాన్ని ప్రజలకు అంకితం చేశారు. 20వ శతాబ్దంలో పూసిన సిమెంటు పొరలను జాగ్రత్తగా తొలగించి, సున్నపు గారను తిరిగి పూయడం అక్కడి పనిలో ప్రధాన భాగం. దానికి యంత్రాల కంటే ఎక్కువగా సున్నం తెలిసిన చేతులు కావలసి వచ్చాయి. పాతపని మళ్ళీ మొదలయితే పనివారు కూడా తయారవుతారన్నదానికి అది రుజువు.

ఆ ప్రాంగణంలోని బడీ బావలీ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగింది. 2013 భారీ వర్షాలకు ఈ మెట్లబావి గోడ కొంత భాగం కూలిపోయింది. కూలినదాన్ని పూడ్చివేయడం సులభం. కాని పూడిక తీసి, రాళ్ళను వెలికితెచ్చి, గోడను తిరిగి కట్టారు. బావిలో మళ్ళీ వాననీరు నిలుస్తున్నది. ఆ నీరు అక్కడి తోటలకే ఉపయోగపడుతున్నది. 2022లో గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు యునెస్కో ఆసియా-పసిఫిక్ విభాగం విశిష్ట పురస్కారం ఇచ్చింది. కూలిన రాయిని తిరిగి ఆ కట్టడానికే వాడాలన్న 'హిదాయా' నియమం ఈ బావిలో కంటికి కనిపిస్తుంది.

చౌమహల్లా ప్యాలెస్‌ది మరో ఉదాహరణ. ఎన్నో ఏళ్ళ శిథిలత తర్వాత దాన్ని బాగుచేసి 2005లో ప్రజల సందర్శనకు తెరిచారు; 2010లో దానికి యునెస్కో పురస్కారం లభించింది. మక్కా మస్జిదులో పైకప్పు నుంచి నీరు కారుతుండడంతో 2017లో ప్రారంభమైన మరమ్మతులు ఏళ్ళ తరబడి సాగాయి. నమాజు ఆగకుండా పని జరగాలి కనుక అక్కడి కష్టం వేరు.

హెచ్చరికలు కూడా ఉన్నాయి. 2019 మే నెల మొదటి రోజుల్లో వాన తర్వాత చార్మినార్ ఒక మీనారు నుంచి సున్నపు నగిషీ ముక్క ఊడిపడింది. రాత్రివేళ కావడంతో ఎవరికీ గాయాలు కాలేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఏ శాఖ జాబితాలోనూ లేని గల్లీ మస్జిదు సంగతి వేరే చెప్పాలా? ముహమ్మద్ కులీ కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో గోడలనిండా రంగురంగుల మెరుగుపలకలున్నాయి. 1908 మూసీ వరదలో కింది భాగపు పలకలు దెబ్బతిన్నాయి. ఆ చోట్ల కొంతవరకు రంగులతో నమూనా చిత్రించి నింపారు. పోయిన పలక ఎలాంటిదో ఆ రంగు చెప్పగలదు. కాని ఆ పలక తిరిగి రాదు. కనుక మరమ్మతులో మొదటి సూత్రం, మిగిలినదాన్ని పోనివ్వకపోవడమే.

గ్రామాల సంగతి

ఇంతవరకు నగరాన్ని గురించి చెప్పుకున్నాం. అసలు కొరత గ్రామాల్లో ఉన్నది. నేడు నగరంలో కలిసిపోయిన హయత్‌నగర్ ఒకప్పుడు మచిలీపట్నం దారిలో ఉన్న గ్రామం. ముహమ్మద్ కులీ కుమార్తె, సుల్తాన్ అబ్దుల్లా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరుమీద వెలసిన ఊరది. ఆమె పేరు మోస్తున్న మస్జిదు అక్కడ విశాలమైన ప్రాంగణం మధ్య నిలిచి ఉన్నది. చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదుల వరుసలు, సమీపంలో 'హాథీ బావలీ' అనే పెద్ద బావి ఉన్నాయి. ప్రార్థనకు చోటు, పడుకోవడానికి గది, తాగడానికి నీరు. ఈ మూడూ కలిస్తేనే ఆ స్థలం పూర్తవుతుంది. మస్జిదును మాత్రమే బాగుచేసి గదులను, బావిని వదిలేస్తే కట్టించినవారి ఉద్దేశంలో మూడవ వంతునే మనం కాపాడినట్లు.

తెలంగాణ పల్లెల్లో పీర్ల చావిడి, దర్గా, ఈద్‌గా, ఊరి బావి, వాటి ముందున్న వేపచెట్టు అరుగు ఇలాగే ఒకదానితో ఒకటి ముడివడి ఉంటాయి. పీర్ల పండుగకు ముస్లిములతోపాటు ఇతర కులాలవారూ అక్కడ చేరతారు. అక్కడి ఆచారాల విషయమై మనలో భిన్నాభిప్రాయాలున్నా, ఆ స్థలం ఊరందరి జ్ఞాపకమన్నది నిజం. గ్రామంలో ఇలాంటి పని సాధ్యమేనని కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట నిరూపించింది. అక్కడి పునరుద్ధరణ కూడా 2022లో యునెస్కో పురస్కారం పొందింది.

ఇస్లామీయ ప్రపంచంలో దీనికి మరో చక్కని దృష్టాంతం ఆఫ్రికాలోని మాలీ దేశంలో ఉన్నది. జెన్నే పట్టణపు పెద్ద మస్జిదు పూర్తిగా మట్టితో కట్టినది. ప్రస్తుత కట్టడం 1907 నాటిది; ఆ పట్టణం 1988లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఏటా ఒక రోజున ఊరంతా కదిలి వచ్చి మస్జిదుకు కొత్త మట్టి పూస్తుంది. యువకులు గోడలెక్కుతారు, స్త్రీలు నీళ్ళు తెస్తారు, వృద్ధ మేస్త్రీలు పర్యవేక్షిస్తారు. మట్టి బలహీనమైన పదార్థమే. కాని ఏటేటా తిరిగి వచ్చే చేతులు దానికి బలమిస్తున్నాయి. కట్టడమూ జనమూ కలిసి బతకడమే 'ఇమారత్' అన్న మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం అరుదు.

ఒక సందేహం

ఇస్లాంలో రాళ్ళకు పవిత్రత లేదు కదా, నమాజు ముఖ్యం గాని గోడలు ముఖ్యమా, జనం పెరిగితే పెద్ద మస్జిదు అవసరం కాదా అని కొందరు అడుగుతారు. ఇది సబబైన ప్రశ్నే. మస్జిదుల అలంకారంలో అతిశయాన్ని హదీసులు ప్రోత్సహించలేదు. అయితే మస్జిదె నబవీ చరిత్రలోనే మనకు రెండు దృష్టాంతాలున్నాయి. ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. దాని ప్రకారం హజ్రత్ ఉమర్ (రజి) ఆ మస్జిదును విస్తరించినా, దైవప్రవక్త (స) కాలంలో ఉన్న పచ్చి ఇటుక, ఖర్జూరపు మట్టలు, దుంగలతోనే తిరిగి కట్టించారు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇంకా విస్తరించి, చెక్కిన రాయి, సున్నపు గార, టేకు వాడారు. మొదటిది హిజ్రీ 17లో, రెండవది హిజ్రీ 29లో జరిగినట్లు చరిత్రకారులు రాశారు.

కనుక విస్తరణ నిషిద్ధం కాదు. పాత పదార్థాన్ని మార్చడం కూడా పాపం కాదు. ఈ విషయం దాచవలసిన పని లేదు. కాని విస్తరణకు అవసరమే ఆధారం కావాలి. పాతదాని పక్కన చోటుండగా దాన్ని పడగొట్టడం, పడగొట్టకుండా బాగయ్యేదాన్ని ఖర్చుపెట్టి పాడుచేయడం, ఇవి అవసరం కిందికి రావు. ఇది ఇస్రాఫ్, అంటే వృథా వ్యయం. వక్ఫ్ సొమ్ములో వృథా చేస్తే సమాధానం చెప్పుకోవలసింది మనమే.

కమిటీలు ఏం చేయాలి?

సున్నపు పని నిపుణులు లేనిచోట కూడా ప్రతి కమిటీ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, నీళ్ళు. గార కంటే ముందు నీటి దారి చూడాలి. వానలకు ముందు పైకప్పు మీది చెత్త తీసి, తూములు శుభ్రం చేయాలి. గోడ పక్కన నీరు నిలవకుండా వాలు చేయాలి. కొళాయిలు, మురుగు గొట్టాలు పాత గోడలకు దూరంగా ఉండాలి. సగం జబ్బు దీనితోనే నయమవుతుంది.

రెండవది, మొక్కలు. గుమ్మటం మీద, పిట్టగోడ మీద మొలిచే రావి, మర్రి మొక్కలను చిన్నప్పుడే వేరుతో సహా తీసి ఆ రంధ్రాన్ని సున్నంతో పూడ్చాలి. పైన కోసి వదిలేస్తే వేరు లోపల ఇంకా లావెక్కుతుంది.

మూడవది, నమోదు. ఏ పని మొదలుపెట్టినా ముందు ఫోటోలు తీసి, కొలతలు రాసి, శాసనాల ప్రతి తీసుకోవాలి. శాసనం మీద రంగు వేయకూడదు, ఇసుకతో రుద్దకూడదు.

నాలుగవది, పరీక్ష. పాత గారలో ఏమున్నదో తెలుసుకొని, అలాంటి మిశ్రమాన్నే మూల ఒక చోట పూసి, ఒక వర్షాకాలం చూడాలి. ఆ తర్వాతనే మిగతా గోడకు పోవాలి.

ఐదవది, నేల. చెమ్మ ఉన్నచోట పాలరాయి, మెరుగుపలకలు పరిస్తే నేలలోని తడి గోడలకు మళ్ళుతుంది. పాత గచ్చు నేలను గచ్చుతోనే బాగుచేయాలి.

ఆరవది, చోటు. జనం పెరిగితే కొత్త హాలును పాత గోడకు ఆనించకుండా పక్కన కట్టుకోవచ్చు.

ఏడవది, అనుమతి. కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖల రక్షణలో ఉన్న కట్టడాన్ని ముట్టుకునే ముందు ఆ శాఖ అనుమతి తప్పనిసరి. నగరంలో వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న పాత జోనింగ్ నిబంధనను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టం జాబితాలో ఉన్నవాటినే కాపాడగలదు. జాబితాలో లేనివి మన చేతుల్లో ఉన్నాయి.

ఎనిమిదవది, చేతులు. సున్నం తెలిసిన మేస్త్రీలు మన మొహల్లాల్లో ఇంకా ఉన్నారు. వారిలో చాలామంది వృద్ధులు. వారి పక్కన ఇద్దరు యువకులను నిలబెట్టి పని నేర్పించడం కూడా మరమ్మతు ఖర్చులో భాగమే.

ముగింపు

దైవప్రవక్త (స) కాలంలో మస్జిదె నబవీని ఊడ్చే ఒక స్త్రీ ఉండేది. ఆమె మరణించినప్పుడు చిన్న విషయమని భావించి సహచరులు ఆయనకు తెలియజేయలేదు. తర్వాత ఆయన ఆమె గురించి అడిగి, ఆమె సమాధి వద్దకు వెళ్ళి జనాజా నమాజు చేశారు. కట్టించినవారి పేరు శాసనం మీద ఉంటుంది. ఊడ్చినవారి పేరు, తూము శుభ్రం చేసినవారి పేరు, మొలిచిన రావిమొక్కను పీకినవారి పేరు ఎక్కడా ఉండదు. కాని కట్టడాన్ని నాలుగువందల ఏళ్ళు నిలబెట్టింది వారే.

మన పెద్దలు మనకిచ్చిన కట్టడాలు వారి సొత్తు కాదు, మన సొత్తు కాదు. రాబోయేవారి అమానతు మన చేతుల్లో ఉన్నది. దాన్ని యథాతథంగా, వీలైతే ఇంకొంత దృఢంగా వారికి అప్పగించే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.